లావెండర్ తోట దారిలో మీ చెయ్యి

ఏవండీ,

నిన్న మన సాహితి నన్ను లావెండర్ తోటకు తీసుకెళ్లింది. అవును, అదే డ్రైవ్ చేసింది. లెర్నర్స్ పర్మిట్ వచ్చి నెల కూడా కాలేదు. బయలుదేరే ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెడితే ఒకటే నవ్వు. దారంతా నా వైపు లేని బ్రేకును నా కాలు తొక్కుతూనే ఉంది.

ఇంటి ముందు పాత సామాన్లమ్మే గరాజ్ సేల్ బోర్డు కనబడితే మీరు కారు ఆపకుండా ఉండలేకపోయేవారు కదా, మీ కూతురూ అంతే. ఒకచోట పాత రేడియో కొంది. మీరైతే అక్కడే విప్పి చూసేవారు.

తోటలో పూల నిండా తేనెటీగలు. వాటికి నేను భయపడలేదు. మళ్లీ కారెక్కాలంటేనే భయమేసింది.

తిరిగి వస్తుంటే ఇంకో గరాజ్ సేల్ దగ్గర ముందు కారు ఠక్కున ఆగింది. సాహితి గట్టిగా బ్రేక్ వేసింది. వేస్తూనే కుడి చెయ్యి నాకు అడ్డం పెట్టింది, అచ్చం మీలాగే.

“రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టవే!” అని అరిచాను.

“చిల్ అమ్మా! నీకేం కాకూడదనే కదా,” అంది బిక్కమొహం వేసి.

ఆ రోజు ట్రక్కు మన మీదికి వచ్చినప్పుడు మీరూ అలాగే అనుకుని ఉంటారు. ఒక చెయ్యి నా ముందే ఉంచేశారు.

నాకేం కాలేదండీ.