ముప్ఫై ఏడో లైను

చిరంజీవి పిట్టకు నాన్న దీవెనలు.

అయిపోయిందమ్మా! నీ సింథసైజరు పూర్తయింది! ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నవాణ్ణి. ఫోనులో మధ్యన ఎవరు వింటారో నాకు తెలియదా? నేనే వినేవాణ్ణి. అందుకే ఉత్తరం.

నీ గదిలో చోటు లేదని నువ్వు పంపిన విడిభాగాల అట్టపెట్టెలూ, నువ్వు గీసిన బొమ్మలూ ముందేసుకుని నాలుగు నెలలు వంటింటి బల్ల మీద టంకం పెట్టాను. కరెంటు శబ్దమవుతుందనీ, ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని ఊపుతుందనీ నువ్వు రాసింది నా బుర్రకు ఒక్క ముక్క ఎక్కలేదు. కానీ మూడు వరుసల కన్నాలూ, వాటిలో గుచ్చే వైరు తాళ్లూ చూడగానే ప్రాణం లేచొచ్చింది. అచ్చం ఎక్స్‌ఛేంజిలో నా పాత బోర్డే! చేతులు వాటంతటవే గుచ్చేశాయి. 'ఊఁ...' అని లేచింది చూడు గొంతు, ఆనందం పట్టలేక ఏడ్చేశాను.

కింది మూల విడిగా ఒక కన్నం ఖాళీగా ఉంది. రిటైరైన రోజు బోర్డు మీంచి, పిలుపొస్తే వెలిగే బల్బు ఒకే ఒకటి తెచ్చుకున్నాను, 37 అని రాసిన ఇత్తడి బిళ్లతో సహా. దాన్ని అందానికి అక్కడ బిగించాను. దేనికీ కలపలేదులే.

ఆనందంతో,
నాన్న

తా.క.: కింది వాటా దర్జీ అమ్మాయి పైకొచ్చి, "బాబాయ్ గారూ, ఎవరైనా పోయారా, పోతున్నారా?" అంది. పుట్టిందమ్మా అన్నాను.

* * *

నాన్నకు నమస్కారాలు.

నీ చేతులకు దండం పెట్టాలి. ఒక్క మాట మాత్రం విను. పైన చిన్న దీపం రెండు సెకన్లకోసారి వెలిగి ఆరుతోందంటే ఎవరో పిలుస్తున్నట్టు కాదు. అది మెల్లగా ఊగే సర్క్యూటు, అంతే. అది వెలిగినప్పుడల్లా నువ్వు "నంబర్ ప్లీజ్" అంటున్నావని దర్జీ అక్క రాసింది. అనకు నాన్నా.

ఇరవయ్యో తారీఖున హాల్లో నా మొదటి కచేరీ. రెండేళ్ల కష్టం దాని మీదే ఉంది. పదిహేనుకల్లా మెషీను నాకు చేరాలి.

నీ
పిట్ట

తా.క.: శబ్దాన్ని వడగట్టే ఫిల్టరును 'గారూ' అనక్కర్లేదు. అది మనిషి కాదు.

* * *

బంగారు తల్లీ,

37 వెలిగింది!

మధ్యాహ్నం మూడింటికి, నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే. ఆరి వెలగడం కాదు, నిలకడగా వెలిగింది. దాని పక్క కన్నంలో తాడు గుచ్చాను. మాట రాలేదు. మాట్లాడబోయే మనిషి ఊపిరి తీసుకుంటుందే, ఆ చప్పుడు. తీసుకుంటూనే ఉంది.

నీకెప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం 37 నుంచి ఒకావిడ రేవు ఆఫీసుకు లైను అడిగింది. కొడుకు పోట్లాడి ఓడెక్కబోతున్నాడట. అది కదిలేలోగా ఒక్క మాట చెప్పాలట. రేవు లైను ఖాళీ లేదు. "లైన్‌లో ఉండండమ్మా" అని టీకి దిగాను. తిరిగొచ్చేసరికి బల్బు ఆరిపోయింది. ఆ నంబరు మళ్లీ వెలగనే లేదు. ఆ తల్లి మాట నా మూలాన ఆగిపోయిందని నలభై ఏడేళ్లుగా గొంతులో ముల్లు. ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చింది పిట్టా! ఎంత అదృష్టం!

ఉబ్బితబ్బిబ్బవుతూ,
నాన్న

తా.క.: బల్ల దగ్గర నుంచి లేవడం లేదు. టీ మానేశాను.

* * *

నాన్నా,

నన్ను హడలగొట్టకు. ఆ ఊపిరి నా సర్క్యూటే. హోరుమనే శబ్దాన్ని ఫిల్టరు మెల్లగా తెరిచి మూస్తుంటే అచ్చం మనిషి ఊపిరిలాగే ఉంటుంది. ఇక బల్బంటావా, టంకం చుక్క జారి ఎక్కడో తగిలి ఉంటుంది. దాని తీగలు రెండూ కత్తిరించెయ్. మెషీను మూటగట్టి లారీకి వెయ్. డాక్టరు దగ్గరికి కూడా ఒకసారి వెళ్లిరా, నా మీద ఒట్టు.

నీ
పిట్ట

తా.క.: "ఆవిడకు కుర్చీ వేశాను" అని దర్జీ అక్కతో అన్నావట. అక్క కుట్టుమిషనుతో సహా పుట్టింటికి పోతోంది.

* * *

నా తల్లికి ఆశీస్సులు.

డాక్టరు గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఉండదూ మరి!

నువ్వు చెప్పినట్టే చేశాను. గోడ ప్లగ్గు పీకాను, తాళ్లన్నీ తీశాను, బల్బు తీగలు రెండూ కత్తిరించాను. బల్బు ఆరలేదు! ఎంత పట్టుదల గల మనిషో చూడు! "అమ్మా, బోర్డు ఇల్లు మారుతోంది. ఇకమీదట మా అమ్మాయి పలుకుతుంది" అని చెప్పాను. వెలుగు ఒకసారి తగ్గి మళ్లీ నిలబడింది. ఒప్పుకుందన్నమాట. దుప్పట్లో చుట్టి పంపుతున్నాను, లారీ డ్రైవరు బెదరకుండా.

రేవు ఆఫీసు నంబరు నాకు గుర్తులేదు, నువ్వే వెతుకు. ఆవిడ నన్ను తిడితే తిట్టనీ, ఉన్నదున్నట్టు రాయి. దాచకు.

నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న
నాన్న

తా.క.: ఏం చేసినా సరే, "లైన్‌లో ఉండండి" అని లేచి మాత్రం పోకు.

* * *

నాన్నకు,

మెషీను చేరింది. దుప్పటి విప్పాను. కరెంటు ఇవ్వకముందే 37 వెలుగుతోంది. వెనక మూత తీసి చూశాను. కత్తిరించిన తీగలు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. తర్వాత తాడు ఎప్పుడు గుచ్చానో తెలియదు, నా నోట్లోంచే వచ్చింది, "నంబర్ ప్లీజ్" అని.

మెషీనులోని ఊపిరి ఆగింది.

"నంబరేం వద్దమ్మాయ్," అందొక పెద్దావిడ, నింపాదిగా. "ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడే, ఆ కుర్రాడున్నాడా?"

నువ్వు ఈల వేయగా నేనెన్నడూ వినలేదు నాన్నా.

"ఆయన మా నాన్నండీ. ఇక్కడ లేరు," అన్నాను.

"అయితే నువ్వే చెప్పు. అతనలా దిగాడో లేదో, మావాడు ఓడెక్కకుండా పెట్టె మోసుకుంటూ గుమ్మంలోకొచ్చేశాడు. ఆ కంగారులో ఫోను పెట్టేశాను. పాపం, ఆ అబ్బాయి తనవల్లే అనుకుంటాడేమోనని అప్పట్నుంచీ మనసులో పీకుతూనే ఉంది. చెప్పి పోదామని లైన్‌లో ఉన్నాను. మీ వాళ్లు తొందరగా పలకరు సుమా!"

క్లిక్‌మంది. 37 ఆరిపోయింది.

నువ్విక టీ తాగొచ్చు నాన్నా.

నీ
పిట్ట

తా.క.: ఉత్తరం మడుస్తూ తలెత్తాను. మూడు వరుసల కన్నాలూ వెలుగుతున్నాయి. వాటిలో బల్బులే లేవు. ఇంతమందికి పలకడానికి నేనొక్కదాన్నీ చాలను, మొదటి బండికి బయల్దేరు. టీ ఫ్లాస్కులో పోసుకునిరా, మధ్యలో లేవడానికి కుదరదు.