కడుపునొప్పి అని మాత్రమే చెప్పేదాన్ని

శ్రీకాకుళం,
12 సెప్టెంబరు 1968.

ప్రియమైన భర్తగారికి పరంజ్యోతి వందనాలు.

దేవుని దయవల్ల అత్తమ్మ బాగుంది. భిలాయి ఉక్కు కొలిమి వేడిలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తమ్మ మోకాలి వాపు సంగతి అడిగారు, తగ్గింది. వానలకు వంటింటి కప్పు కారితే కొత్త తాటాకు వేయించాం.

నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళడం లేదని విజయనగరం నుంచి మీ చెల్లెలు లీలారాణి రాసిందట. కారణం అడిగారు. జవాబు రాయబోయి ఎన్నోసార్లు కలం పక్కన పెట్టేశాను.

నెలనెలా నాకు వచ్చే నొప్పిని మీతో కడుపునొప్పి అని మాత్రమే చెప్పేదాన్ని. ముట్టు రోజుల్లో నోట్లో పమిట కుక్కుకుని నేలమీద ముడుచుకునేదాన్నని భర్తతో ఎలా అనను? ఈ వేసవిలో పొట్ట ఎత్తుగా పెరిగింది. చర్చిలో ఆడవాళ్ళు విశేషమా అని నవ్వితే కాదనలేదు. అత్తమ్మ పాత చీరలతో బొంతలు కుట్టడం మొదలుపెట్టినా నోరు విప్పలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ తలెత్తలేను.

ఒక ఉదయం నొప్పికి పొయ్యి దగ్గరే పడిపోయాను.

"ఒలే జోతీ, ఇంకా నెలలున్నాయి కదే! ఈ నొప్పులేటి?" అంది అత్తమ్మ.

"బిడ్డ కాదత్తా. నాను ముట్టవుతూనే ఉన్నాను."

ఆమె నన్ను లేపి కూర్చోబెట్టింది. తర్వాత, "నడు, డాక్టరమ్మకి సూపిద్దాం" అని బస్సెక్కించింది.

విజయనగరం డాక్టరమ్మ మమ్మల్ని విశాఖ పంపింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర అండాశయం మీద పెరిగిందట. నెలనెలా అక్కడ కారిన నెత్తురు బయటికి పోయే దారిలేక తిత్తికట్టింది. ఏళ్ళ తరబడి ఉన్న ఆ తిత్తిలో కేన్సర్ పుట్టింది. అలా మారడం అరుదేనని, నా తప్పేమీ లేదని చెప్పారు. మగ డాక్టర్లు మంచం చుట్టూ నిలబడి మాట్లాడుకుంటుంటే కళ్ళు మూసుకున్నాను.

పోయిన నెలలోనే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మీ సంతకం అడిగితే అత్తమ్మ వేలిముద్ర వేసింది. "నా కొడుక్కి నాను సెప్పుకుంటాను. పిల్ల పేణం నిలబెట్టండి" అంది. మీకు కబురు చేయొద్దని ఆమెను బతిమాలింది నేనే.

ఇక మనకు పిల్లలు పుట్టరు. జబ్బు మళ్ళీ రాకుండా కరెంటు పెట్టించుకోవాలన్నారు, అంటే పొట్టకు కిరణాలతో చేసే వైద్యమట. అప్పుడైనా తగ్గుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. మిమ్మల్ని వేరే పెళ్ళి చేసుకోమని రాస్తానంటే అత్తమ్మ కోప్పడింది. "ఆ మాట రాస్తే సెయ్యి ఇరగ్గొడతాను. రమ్మని రాయి!"

సెలవు పెట్టి రండి. నాకు నొప్పిగా ఉంది. భయంగానూ ఉంది. మీతో ఈ మాట అనడం ఇదే మొదలు.

ఇట్లు,
మీ భార్య,
పరంజ్యోతి