జూరిక్‌కి తొమ్మిది, పలెర్మోకి నాలుగు

మే 4, సోమవారం. పలెర్మో

ఇవాళ కూడా నీళ్లు రాలేదు. ఈ వీధికి నాలుగు రోజులకొకసారి వదులుతారట. ఏ రోజు, ఎన్నింటికి అని ఇంటి ఓనర్‌ని అడిగాను. మేడ మీద ట్యాంకు ఉంది కదా అన్నాడు. నేను అడిగింది ట్యాంకు గురించి కాదు. జూరిక్ ట్రామ్ ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు టైంటేబుళ్లు వేసినవాడిని. నాకు గంటా నిమిషమూ చెప్పాలి.

నా భార్య ఉర్సినా మాత్రం బకెట్ నీళ్లతో స్నానం చేస్తూ పాట అందుకుంది. జూరిక్‌లో షవర్ నీళ్లు కాస్త చల్లబడితే మేనేజర్‌కి రెండు పేజీల ఉత్తరం రాసిన మనిషి ఈమే.

మే 6

పేపర్లో మళ్లీ ఆ సర్వే వచ్చింది. యూరప్‌లో బతకడానికి బాగుండే నగరాల్లో మా జూరిక్ పైవరసలో ఉంది. పలెర్మో కోసం పేజీ తిప్పాల్సి వచ్చింది. కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాను. ఉర్సినా సరిగ్గా దాని మీదే కూరగాయల చీటీ అంటించింది.

సరే, నేనే మార్కులు వేశాను. నీళ్లు: జూరిక్ పది, పలెర్మో రెండు. ట్రాములు, బస్సులు: పది, మూడు. నిశ్శబ్దం: తొమ్మిది, సున్నా. రొట్టె: ఏడు, తొమ్మిది. నేను అన్యాయం చేసే రకం కాదు. సగటున జూరిక్‌కి తొమ్మిది, పలెర్మోకి మూడున్నర. ఉర్సినా పోరు పడలేక నాలుగు చేశాను.

అయినా ఆమెకు తృప్తి లేదు. నువ్వు చుట్టపుచూపుగా వచ్చినవాడిలా వేశావంది. చుట్టపుచూపుగా వచ్చినవాడైతే సముద్రం చూసి, ఐస్‌క్రీమ్ తిని, పదికి పది వేసి విమానం ఎక్కుతాడు. బకెట్లు మోసినవాడిని కాబట్టే నాలుగు వేశాను.

మే 9

అసలు గొడవ రాసి పెట్టుకుంటే నయం.

మూడు నెలలు ఉండి చూద్దాం అని ఏప్రిల్ ఒకటిన వచ్చాం. ఉర్సినా వచ్చిన రెండో వారమే చూడటం అయిపోయిందంది. ఇక్కడే ఉండిపోదామంటుంది. అలా ఉండాలంటే జూరిక్ ఫ్లాట్ వదులుకోవాలి, రెండిళ్లు మోసే శక్తి మాకు లేదు. ముప్ఫై ఒక్కేళ్లు ఉన్న ఇల్లది. ఖాళీ చేస్తున్నామని ఉత్తరం జూన్ 30 లోపల చేరాలి, లేకపోతే మళ్లీ ఆర్నెల్లు ఆగాలి. ఇక్కడి ఓనర్ అన్నాళ్లు ఆగనన్నాడు. మా చట్టంలో మొగుడూపెళ్లాలు ఉండే ఇంటిని ఒక్కరే వదిలేయడానికి లేదు. ఇద్దరి సంతకాలూ ఉండాలి.

ఉర్సినా సంతకం ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఉత్తరం టేబుల్ మీద ఉప్పు డబ్బా కింద ఉంది. రోజూ మూడు పూటలా దాన్ని పక్కకి జరిపి భోంచేస్తున్నాను.

మే 15. మధ్యాహ్నం 1.20

పై అంతస్తులో ఉండే ఇన్యాజియో నీళ్ల మోటారు వేశాడు. మళ్లీ.

మే 19

ఉర్సినాకు నిన్నటి నుంచి తలనొప్పి. కిటికీలు మూసుకుని చీకట్లో పడుకుంది. పైన మోటారు, కింద స్కూటరు, ఎదురు బాల్కనీ నుంచి ఈ బాల్కనీకి కబుర్లు. అరిచి గీపెట్టడం నాకు చేతకాదు. మా ఊళ్లో పద్ధతి వేరు. ఏ ఇబ్బంది ఉన్నా మర్యాదగా ఒక నోటీసు రాసి గేటుకి అంటిస్తాం. ఇబ్బంది పడేది ఎవరో తెలిసేలా వాళ్ల పేరు పెద్దక్షరాల్లో మధ్యన ఉండాలి.

స్కేలు పెట్టి చుట్టూ లావుపాటి నల్ల గీతలు గీశాను. ఆఫీసులో అన్ని నోటీసులూ అలాగే గీసేవాడిని. మధ్యలో "ఉర్సినా కాడూఫ్". కింద చిన్నక్షరాల్లో, ఒంటిగంట నుంచి మూడు వరకు మోటారు ఆపమని మనవి. చక్కగా కుదిరింది. రేపు పొద్దున్న రొట్టెకి వెళుతూ అంటిస్తాను.

మే 20

రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రాస్తాను.

నోటీసు అంటించి రొట్టె కొనుక్కుని వచ్చేసరికి మెట్ల మీద జనం. కొందరు నల్లబట్టల్లో ఉన్నారు. ఇన్యాజియో నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తమ తప్పు తెలుసుకుని వచ్చారనుకున్నాను. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. ఒక్క నోటీసుకే ఇంత మార్పు. ఫర్వాలేదు, ఇక మీదట జాగ్రత్తగా ఉంటే చాలు అని అతని భుజం తట్టాను. అతను అయోమయంగా చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడు. వరసగా వచ్చిన ప్రతివాళ్లకీ అదే మాట చెప్పాను. ఒక ముసలాయనకైతే, మొదటిసారి కాబట్టి వదిలేస్తున్నాను అన్నాను.

ఇంతలో కింది అంతస్తు ప్రోవిదెన్జా మాకరోనీ పళ్లెం నా చేతిలో పెట్టి తిన్నగా పడగ్గదిలోకి వెళ్లింది. ఉర్సినా తలదాకా తెల్ల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ప్రోవిదెన్జా మంచం పక్కన కూలబడి శోకం మొదలుపెట్టింది. తలనొప్పి మనిషి కదా, ఉర్సినా లేచి కూర్చుని, ఎవరమ్మా అది, కాస్త మెల్లిగా అంది.

తర్వాత జరిగింది రాయను. ఎవరో నీళ్లు తెచ్చారు. ఎక్కడి నుంచి తెచ్చారో మాత్రం తెలుసుకోవాలి.

ఈ ఊళ్లో మనిషి పోతే నల్ల గీతల మధ్య పేరు వేసిన కాగితం గేటుకి అంటిస్తారట. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. కింద చిన్నక్షరాలు ఎవరూ చదవలేదు. గీతలూ పేరూ చూసి పొయ్యి మీద గిన్నె పెట్టేశారు.

ప్రోవిదెన్జాకు ఊపిరి అందాక నా వైపు తిరిగింది. "బతికున్న పెళ్లాం పేరు చుట్టూ నల్ల గీతలు గీస్తావా నాయనా? నీ చేతులకేం పోయేకాలం వచ్చింది?" అంది.

తెచ్చిన వంటలు వెనక్కి తీసుకెళ్లడం అశుభమట. అందరూ ఇక్కడే కూర్చుని తిన్నారు. పంతొమ్మిది మంది, నేను లెక్కపెట్టాను. మా ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. ఉర్సినా తలకి తువ్వాలు చుట్టుకుని మధ్యలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. అందరూ వెళ్లాక నవ్వు ఆపి, గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే అంది: "నేను పోతే ఎవరొస్తారో చూసుకున్నాను బాల్ట్స్. అక్కడైతే ఎవరొస్తారు? నేను రాను. నీ ఇష్టం నీది."

మే 21

ఒంటిగంటకి మోటారు వేశారు.

జూన్ 7

రెండు వారాలుగా ఒకటే మాట మీద తిరుగుతున్నాం. పొరపాటున వచ్చిన జనాన్ని పట్టుకుని ఊరికి మార్కులు వేయకూడదు అంటాను నేను. పొరపాటున వచ్చినా వచ్చారు కదా అంటుంది ఆమె. తల ప్రాణం తోకకొచ్చింది. జూరిక్ వెళ్లి కొన్నాళ్లు ఒంటరిగా ఉండి తేల్చుకొస్తానన్నాను. ఉర్సినా ఉత్తరం మడిచి నా కోటు జేబులో పెట్టింది.

జూన్ 8. జూరిక్

కుళాయి తిప్పాను, వచ్చింది. అలాగే నిలబడి మూడు గ్లాసులు తాగాను.

జూన్ 9

పది గంటలు నిద్రపోయాను. 7.42 ట్రామ్ 7.42కే వచ్చింది. ఎక్కే పని లేకపోయినా ఎక్కాను.

జూన్ 10, బుధవారం

మాసిన బట్టలు పట్టుకుని సెల్లార్‌లో లాండ్రీ గదికి దిగాను. ఇక్కడ ఒకే మెషిను, ప్రతి ఇంటికీ ఒక రోజు, లిస్టు గోడ మీద ఉంటుంది. మాది సోమవారం. గురువారం ఇమ్మని పదకొండేళ్లుగా అడుగుతున్నాను. గురువారం నాలుగో అంతస్తు ఎగ్లి గారిది. ఆవిడ ససేమిరా అంది. మెట్ల మీద ఎదురైతే ఇద్దరం "నమస్కారం" అనుకునేవాళ్లం, అంతకుమించి ఒక్క మాట లేదు.

గోడ మీద కొత్త లిస్టు. గురువారం: కాడూఫ్.

అబద్ధమెందుకు, ఈల వేశాను. ఒక నిమిషం పూర్తిగా సంతోషించాను. అర్జీల మీద అర్జీలు పెట్టినందుకు న్యాయం జరిగిందనుకున్నాను. మెట్లు దిగి వచ్చిన రెండో అంతస్తు అమ్మాయిని, ఎగ్లి గారు ఎలా ఒప్పుకున్నారని అడిగాను. ఆవిడ ఏప్రిల్‌లో పోయిందండీ అంది. పోస్టు డబ్బా నిండిపోతే పోస్ట్‌మన్ చెప్పాడట. ఎనిమిది రోజుల తర్వాత.

నోటీసు పెట్టలేదా అన్నాను. ఎవరినీ ఇబ్బంది పెట్టొద్దని ఆవిడే రాసి ఉంచుకుందట. దహనానికి కూడా ఎవరినీ పిలవొద్దని. అంటే ఆవిడ కోరినట్టే జరిగింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ఒళ్లు మండిపోతోంది, తిట్టడానికి మనిషి దొరకడం లేదు. ఆ లిస్టు వేసినవాడిని తిడదామంటే, నేనైనా అలాగే వేసేవాడిని. పేరు తీసి, ఖాళీ పూరించి.

జూన్ 11, గురువారం

మెషిను ఖాళీగా ఉంది. నేను దిగలేదు.

జూన్ 14

సరస్సు చుట్టూ నడిచాను. నీళ్లు అడుగుదాకా కనిపిస్తున్నాయి. ఎంత బాగుందో అని పైకే అన్నాను, పక్కనున్న టూరిస్టు కూడా తల ఊపింది. అప్పుడు తట్టింది. ఇన్నేళ్లలో ఈ సరస్సును నేను ఒక్కసారీ మెచ్చుకోలేదు. బాతుల గురించి, బోటు టికెట్ల గురించి, బెంచీల ఎత్తు గురించి ఫిర్యాదులు రాశాను. ఇవాళ చుట్టపుచూపుగా వచ్చినవాడిలా మెచ్చుకున్నాను. ఆ టూరిస్టుతో పాటు నేనూ ఒక ఫొటో తీశాను.

ఇంటికొచ్చి ఆ ఫొటో చెరిపేశాను. బెంగగా ఉంది.

జూన్ 19

ఉర్సినా ఫోన్. ఆరు రోజులుగా నీళ్లు లేవు. మోటారు కాలిపోయింది, బాగుచేసేవాడు రేపు వస్తానని మూడుసార్లు చెప్పాడు. ఇన్యాజియో స్కూటరు మెట్ల కిందే పెడుతున్నాడు. మునిసిపాలిటీ వాళ్లకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తున్నారు. నలభై నిమిషాలు ఊరిని చెడామడా తిట్టింది. సముద్రం మాట, నిమ్మచెట్ల మాట ఒక్కసారీ రాలేదు. మెచ్చుకోవడం మానేసింది. పూర్తిగా ఆ ఊరిదైపోయింది, ఆమెకింకా తెలియదు.

చివర్లో గొంతు తగ్గించి, "నువ్వు సంతకం పెట్టొద్దులే. నేనే వచ్చేస్తాను. ఈ వయసులో నిన్ను బకెట్లు మోయించడం నాకు బాగోలేదు" అంది.

రెండు నెలలు నా చెవిలో జోరీగలా పోరి, నేను ఒక దారికి వచ్చేసరికి ఇప్పుడు జాలి పడుతోంది. ఇంత కోపం ఈ మధ్యకాలంలో రాలేదు. చూద్దాం అని ఫోన్ పెట్టేశాను.

జూన్ 23

ఉదయం 8.05. ఉత్తరం రిజిస్టర్ చేశాను. రెండు సంతకాలు.

8.20. ఉర్సినా నంబరు సగం నొక్కి ఆపేశాను. ప్రోవిదెన్జాకు ఫోన్ చేసి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని గట్టిగా అన్నాను.

8.31. ఉర్సినా ఫోన్. ఏడుస్తోంది. కబురు చేరడానికి పదకొండు నిమిషాలు పట్టింది.