నరసమ్మ అమ్మిన ఇల్లు

కుప్పం, శనివారం, 1946

కోలారు గనుల దగ్గర బాడుగలు భరించలేక ఇక్కడ నరసమ్మ ఇంట్లో అద్దెకు దిగి ఎనిమిదేళ్లయింది. పనికి రోజూ రైల్లో పోతున్నాను. ఈరోజు ఆ ఇల్లే కొన్నాను. పుంగనూరు వ్యాపారి ఎక్కువ ఇస్తానన్నా ఆమె ఒప్పుకోలేదు.

"ఆయప్ప నన్ను ఖాళీ చేయమంటాండాడు. ఈ వయసులో నేను యాడికి పోయేదప్పా?" అంది.

"ఎన్నాళ్లయినా వెనక గదిలో ఉండమ్మా," అన్నాను.

రిజిస్ట్రేషన్ అయింది. సాయంత్రం మజ్జిగ చెంబుతో వచ్చింది. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, గడప బయటే నిలబడి, "లోపలికి రావచ్చునా అప్పా?" అని అడిగింది.

చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. రేపూ అలాగే అడుగుతుందేమోనని బెంగగా ఉంది.