పదమూడు రెక్కల బిచిర్

రమణా,

నువ్వు పోయి ఏడాదైంది. ఆదివారం మీ ఆవిడ నన్ను పిలిచింది.

"అన్నయ్యా, ఈ బిచిర్ చేపను అమ్మేస్తాను. ఏ రకమో చూసి సహీ రేటు చెప్పండి. నాకేం తెలీదు."

నాకు తెలిసిందే అయినా, తొట్టెలో దాని వీపు మీది చిన్న రెక్కలు మళ్లీ లెక్కపెట్టాను. పదమూడు. ఒంటినిండా నల్లని పట్టీలు. ఎండ్లిచెరి, బిచిర్లలో ఖరీదైన రకం! అది నీకుందని ఎన్నేళ్లు కుళ్లుకున్నానో నీకు తెలుసు. మామూలు సెనెగల్ రకం అని చెబితే చవగ్గా నాదయ్యేది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. అసలు పేరు, అసలు ధర చెప్పేశాను. అంత డబ్బు నా దగ్గర లేదు.

నిన్న నయా రాయపూర్ ఆఫీసరొకాయన కొనుక్కెళ్లాడు. కారుదాకా బకెట్ నేనే మోశాను. ఇప్పుడు ఆయన మీద కుళ్లు.

నీ మీద కుళ్లుకోవడమే బాగుండేది రా. రోజూ సాయంత్రం మీ ఇంటికొచ్చి కుళ్లుకునేవాణ్ణి.

నీ శ్రీను