తుప్పు గేటు కిందనే ఉంది

ఏమండీ, తెలంగాణ సమ్మెలో బస్సులు లేవు కదా, నడిచే క్యాంపస్‌కి వెళ్తున్నాను. మా లైబ్రరీ వాళ్లు ఈరోజు నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు.

కరెంటు పదకొండింటికి పోతుంది. ప్రెషర్ వాషర్‌కి ఇసుక గొట్టం తగిలించి గేటు తుప్పు తీసే పని ఆలోపే కానివ్వండి. ఇసుక జల్లించి, ఎండబెట్టి మూత డబ్బాలో పోశాను. దానికి తడి తగిలితే గొట్టంలో గడ్డకట్టి పని ఆగిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తుప్పు పోగానే తుడిచి రెడ్ ఆక్సైడ్ పూత వేయకపోతే సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది.

ఒక్క మాట. తుప్పు ఉన్నది గేటు కింద, మడతబందుల దగ్గర. మీరు నిన్న సుద్దముక్కతో గీత గీసింది మాత్రం పైన, నీలం రంగుతో 'జై తెలంగాణ' అని రాసి ఉన్న చోట. అక్కడ నాకు తుప్పేమీ కనపడలేదు. ఇది ఎవరి రాత అని పక్కింటి కొమురెల్లి అన్నను కూడా అడిగారట. "తుప్పు కిందున్నది, సారు సూపంత మీదున్నది" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంటి ఇనుము మీద మీకింత శ్రద్ధ ఎప్పుడూ చూడలేదు.

పప్పుచారు స్టవ్ మీద ఉంది.

జ్యోతిర్మయి

తా.క. ఆ రాత మీరనుకుంటున్నట్టు క్యాంపస్ పిల్లలది కాదు, నాది. మన కిటికీలకు వేయగా మిగిలిన నీలమే అది, మీరు గుర్తుపట్టలేదు. గేటు మీద మీ గోదావరి జిల్లా ఇంటిపేరు చూసి ఎవరూ రాయి వేయకూడదని రాశాను.