అట్టమీద అక్షరాలు

అక్కా,

ఫోన్లో చెబుదామని రెండుసార్లు చేసి, తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది అని అడిగి పెట్టేశాను. నోరు రాలేదు. నీకు ఉత్తరాలు చదివి వినిపించేది నీ కూతురే. ఇదీ అదే చదవాలి. దాని మొహం చూసి చెప్పే ధైర్యం లేకనే రాస్తున్నాను. అంత పిరికిదాన్ని.

కంప్యూటర్‌లో టైపు చేసి రాసే దాని నర్సింగు ప్రవేశ పరీక్ష ఎందుకు పోయిందని నువ్వు అడిగితే, "ఏం చేస్తాం అక్కా, అది సరిగా చదవలేదు" అన్నాను. నువ్వు దాంతో పది రోజులు మాట్లాడలేదు. అది చదివింది అక్కా, తప్పు నాది.

మా బడి కంప్యూటర్ గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఎనిమిది కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు. ఏదైనా పాడైతే హెడ్మాస్టరు నా మీదే విరుచుకుపడతారు. అందుకని ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళనే కూర్చోబెట్టాను, వాళ్ళకైతే అలవాటు కదా అని. మిగతావాళ్ళు గోడవారగా నిలబడి చూడాలి. వాళ్ళకు కనిపించేది ముందున్నవాళ్ళ వీపులే. నీ కూతుర్నీ అక్కడే నిలబెట్టాను. అక్క కూతుర్ని ముందు కూర్చోబెడితే నలుగురూ ఏమనుకుంటారో అని భయం. మంచిదాన్ననిపించుకోవాలని ఆశ.

ఒకరోజు అది "ఇంట్లో నేర్చుకుంటాను టీచర్" అని వెంటపడింది. విసుగొచ్చి, చిన్న పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పడానికి గీసిన అట్ట ఒకటి చేతిలో పెట్టాను. కీబోర్డులాగే గళ్ళు, కానీ అక్షరాలు ఏ, బీ, సీ వరుసలో. అసలు కీబోర్డు మీద అలా ఉండవు. నాలుగు రోజులు ఆడుకుని పారేస్తుందిలే అనుకున్నాను. అది ఏడాది పాటు కళ్ళు మూసుకుని సాధన చేసింది.

నిన్న స్టాఫ్ రూములో, ఆ నర్సింగు పరీక్ష డ్యూటీకి వెళ్ళొచ్చిన లెక్కల మాస్టారు చెప్పారు. "ఓ పిల్ల లేచి, సార్, నా కీబోర్డు పాడైంది, అక్షరాలన్నీ చెల్లాచెదురైపోయాయి అంది." అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే ఆ పిల్లెవరో తెలిసింది. ఆపితే ఎందుకని అడుగుతారేమోనని ఇంకాసేపు నవ్వాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అక్కా.

నీ చెల్లెలు


పిన్నీ,

బడిలో టీచర్ అనమన్నావు. ఇది పిన్నికి రాస్తున్నాను.

అమ్మకి సగమే చదివాను. "అది చదివింది అక్కా, తప్పు నాది" అన్న దాకా. అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి "మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. దగ్గరికి పిలిచి నా తల నిమిరింది. ఇంకేముంది అంటే, అంతే అన్నాను. అట్ట సంగతి, నువ్వు నవ్విన సంగతి నేను చదవను. అమ్మకి నీ నోటితోనే చెప్పు.

అట్ట తప్పని నాకు పరీక్షలోనే తెలిసింది. నీకు మాటొస్తుందని ఎవరికీ చెప్పలేదు. దాని వెనకవైపు అసలు వరుస గుర్తున్నంత వరకు గీశాను. మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మూడు వారాల్లో మళ్ళీ పరీక్ష. ఆదివారం పొద్దున ఇంటికి రా. అమ్మకి చెప్పాక బడికి వెళదాం. తాళంచెవి మరిచిపోకు. గోడవారగా నిలబడేవాళ్ళందరినీ గేటు దగ్గరికి రమ్మన్నాను.

నీ అక్క కూతురు